స్లాబ్ మీది అంకెను నమ్మే ముందు

స్లాబ్ అనే ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి, పైన లేబుల్ మీద ఒక అంకె వేసి అమ్మే నాణేన్ని కొనేటప్పుడు మనం రెండింటికి డబ్బు చెల్లిస్తాం. ఒకటి ఆ నాణెం, రెండోది దాని గురించి ఒక సంస్థ ఇచ్చిన అభిప్రాయం. చాలా సందర్భాల్లో ఈ రెండోదాని ఖరీదే ఎక్కువ. చలామణిలో అరగని నాణేనికి ఎంఎస్ (మింట్ స్టేట్) అని రాసి, పక్కన దాని స్థాయిని చెప్పే అంకె, అంటే గ్రేడు, వేస్తారు. ఎంఎస్ 64 నాణేనికీ ఎంఎస్ 65 నాణేనికీ ఉన్న తేడాను అలవాటు లేని కన్ను పట్టుకోలేదు. కానీ కొన్ని సంవత్సరాల, కొన్ని టంకశాలల నాణేల విషయంలో ఆ ఒక్క మెట్టుకే ధర రెండింతలు, అంతకు మించి కూడా అవుతుంది. అందువల్ల నాణేన్ని ఎంత శ్రద్ధగా చూస్తామో, ఆ అంకె వేసిన సంస్థను కూడా అంత శ్రద్ధగా చూడాలి. ఈ విషయంలో నేను ఒకే ప్రశ్నను ఆధారం చేసుకుంటాను: ఈ అభిప్రాయం తప్పని తేలితే ఆ నష్టం ఎవరు భరిస్తారు? సంస్థ పేరు, ప్రచారం, లేబుల్ అందం, హోలోగ్రాం అన్నీ ఈ ప్రశ్న తరువాతే.

ముందుగా ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలి. 1 నుంచి 70 వరకు ఉండే ఈ కొలమానాన్ని 1949లో నాణేల పరిశోధకుడు విలియం షెల్డన్ ప్రతిపాదించారు. ఆయన దాన్ని అన్ని నాణేల కోసమూ తయారు చేయలేదు, అమెరికా తొలినాటి పెద్ద రాగి సెంట్ల కోసం తయారు చేశారు. అందులోని అంకెలు ధరల నిష్పత్తి నుంచి పుట్టాయి. ఏ నాణెమో గుర్తుపట్టడానికి మాత్రమే వీలయ్యేంతగా అరిగిపోయిన సెంటు విలువ ఒకటి అనుకుంటే, ఏ లోపమూ లేని సెంటు విలువ దానికి 70 రెట్లు ఉంటుందన్నది ఆ లెక్క. మార్కెట్టు మారడంతో ఆ నిష్పత్తి చెదిరిపోయింది గానీ అంకెలు నిలిచిపోయాయి. ఇప్పుడు 60 నుంచి 70 వరకు చలామణిలో అరగని నాణేలకూ, 58, అంతకు దిగువ అంకెలను ఎంతో కొంత అరిగిన నాణేలకూ వాడుతున్నారు. అంకె కనబడగానే మన మనసు దాన్ని తూచి, కొలిచి చెప్పిన విషయంగా తీసుకుంటుంది కాబట్టి ఈ చరిత్ర ముఖ్యం. నిజానికి అది శిక్షణ పొందిన కొద్దిమంది నాణేన్ని దీపం వెలుగులో తిప్పి చూసి, కొద్ది సమయంలోనే ఏర్పరచుకున్న అభిప్రాయం.

అభిప్రాయం కాబట్టే అది మనిషికీ మనిషికీ, సంస్థకూ సంస్థకూ మారుతుంది. కాయిన్ వరల్డ్ పత్రిక అవే నాణేలను వేర్వేరు గ్రేడింగ్ సంస్థలకు పంపి చూసి, 2003లో ఫలితాలను ప్రచురించింది. ఏ ఒక్క నాణెం విషయంలోనూ సంస్థలన్నీ ఒకే గ్రేడు చెప్పలేదు. కొన్నిటిలో తేడా ఏడు పాయింట్ల వరకు ఉంది. ఒక సంస్థ శుభ్రం చేసిన నాణెమని పక్కన పెట్టినదాన్ని మరో సంస్థ అలా గుర్తించలేదు. అంతకు ముందు, 1990లో, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పీసీజీఎస్ అనే గ్రేడింగ్ సంస్థ ప్రకటనల్లో అతిశయోక్తి ఉందని చర్య తీసుకుంది. ఆ సంస్థ తప్పు ఒప్పుకోకుండానే రాజీకి వచ్చి, ప్రకటనల్లో హెచ్చరిక వాక్యం చేర్చడానికి అంగీకరించింది. ఈ రెండు సంగతులనూ గ్రేడింగ్ పనికిరాదని చెప్పడానికి ప్రస్తావించడం లేదు. ఒక మెట్టు అటూ ఇటూ కావడం ఈ పనిలో సహజమని, ఆ మేరకు తేడా కనిపించినంత మాత్రాన సంస్థను తోసిపుచ్చనక్కర లేదని చెప్పడానికే ప్రస్తావిస్తున్నాను. నాణెం అసలుదా నకిలీదా, టంకశాల గుర్తును మార్చారా, ఉపరితలాన్ని రుద్దారా అన్న ప్రశ్నలు వేరు. వీటిలో తరచుగా పొరబడే సంస్థ లేబుల్ మీద ఎంత అంకె వేసినా దానికి విలువ లేదు.

గ్రేడింగ్ సంస్థను మూడో పక్షం అనడంలోనే మొదటి పరీక్ష ఉంది. అది కొనేవారి పక్షానా ఉండకూడదు, అమ్మేవారి పక్షానా ఉండకూడదు. పూర్వం గ్రేడును అమ్మేవారే చెప్పేవారు, కొనేవారు నమ్మేవారు. ఆ ఇబ్బందిని తీర్చడానికే అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ 1972లో నాణేల అసలుతనాన్ని నిర్ధారించే విభాగాన్ని ప్రారంభించింది. అదే అనాక్స్. 1979 నుంచి అది గ్రేడు కూడా చెబుతూ, ఫోటోతో కూడిన పత్రం ఇచ్చేది. తరువాత 1986లో పని మొదలుపెట్టిన పీసీజీఎస్, 1987లో వచ్చిన ఎన్‌జీసీ నాణేన్నీ లేబుల్‌నూ కలిపి ఒకే ప్లాస్టిక్ హోల్డర్‌లో మూసే పద్ధతిని స్థిరపరిచాయి. పీసీజీఎస్ తొలి రోజుల్లో చేసిన ఒక పని నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. దానితో ఒప్పందం చేసుకున్న వ్యాపారులు ఆ సంస్థ గ్రేడు వేసిన నాణేలను కంటితో చూడకుండానే కొనడానికి ధర ప్రకటించేవారు. గ్రేడును నమ్ముతున్నామని నోటితో చెప్పడం వేరు, ఆ నమ్మకం మీద సొంత డబ్బు పెట్టడం వేరు.

ఆ హోల్డర్లకు ఆదరణ పెరిగాక, అలాంటివే తయారు చేసే చిన్న చిన్న సంస్థలు అనేకం పుట్టుకొచ్చాయి. వాటిలో కొన్ని నిజాయితీగా పనిచేశాయి. మరికొన్ని మూడో పక్షమే కాదు. అమ్మేవారే ఒక పేరు పెట్టుకుని, తమ సరుకును తామే పెట్టెల్లో మూసి, తామే గ్రేడు వేసుకున్నారు. ఇది పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకున్నట్టు. ఇలాంటివాటిని గుర్తించడం పెద్ద కష్టమేమీ కాదు. ఆ పేరున్న స్లాబులు ఒక్క అమ్మకందారు దగ్గర, లేదా ఒకే గుంపు దగ్గర మాత్రమే కనిపిస్తాయి. సంస్థ యజమానులెవరో, గ్రేడర్లెవరో, నాణేన్ని ఎవరైనా సమర్పించవచ్చో లేదో ఎక్కడా ఉండదు. రుసుముల పట్టిక ఉండదు. వాటి నాణేలన్నీ ఆశ్చర్యం కలిగించేంత ఎక్కువ గ్రేడుల్లోనే ఉంటాయి, లోపమున్నదని చెప్పే లేబుల్ ఒక్కటీ కనిపించదు. ఈ చివరి సూచనే అన్నిటికన్నా బలమైనదని నా అభిప్రాయం, ఎందుకంటే బయటివారి నాణేలు నిజంగా స్వీకరించే ఏ సంస్థకైనా తోమినవి, గీతలు పడినవి, నకిలీవి తప్పకుండా వస్తాయి.

గ్రేడర్లు నాణేల వ్యాపారం చేయవచ్చా అన్నది కూడా చూడాలి. ఉదాహరణకు ఎన్‌జీసీ తన గ్రేడర్లు వ్యాపారంగా నాణేలు కొనడాన్నీ అమ్మడాన్నీ నిషేధించింది. ఇలాంటి నియమం ఉన్నా మరో ఒత్తిడి మిగిలే ఉంటుంది. రుసుము చెల్లించేది నాణేన్ని సమర్పించినవారు, వారిలో ఎక్కువమంది వ్యాపారులు, వారికి ఎక్కువ గ్రేడు కావాలి. ఈ ఒత్తిడిని అడ్డుకోగలిగేది ఒక్కటే: ఎక్కువ గ్రేడు వేస్తే సంస్థకే డబ్బు నష్టం రావడం. అందుకే హామీ పత్రం చదవడానికి నేను ఎక్కువ సమయం పెడతాను.

పెద్ద సంస్థల హామీల సారాంశం దాదాపు ఒకటే. తాము గ్రేడు వేసిన నాణెం నకిలీదని గానీ, గ్రేడు ఎక్కువ వేశామని గానీ తమ పునఃపరిశీలనలో తేలితే పరిహారం చెల్లిస్తామంటాయి. ఇందులో ముందుగా గమనించవలసింది, పునఃపరిశీలన చేసేది కూడా ఆ సంస్థే. ఆ తరువాత మినహాయింపులు. లేబుల్ మీద సంవత్సరమో టంకశాలో తప్పుగా అచ్చయి, ఆ తప్పు చూడగానే తెలిసిపోయేదైతే హామీ వర్తించదు. హోల్డర్‌ను తెరిస్తే వర్తించదు. రాగి నాణేల రంగు కాలక్రమేణా మారుతుంది కాబట్టి దాని విషయంలో పరిమితులు ఉంటాయి. పీసీజీఎస్ 2010 నుంచి రాగి రంగును హామీలోంచి తీసివేసింది. ఆధునిక వెండి నాణేల మీద తరువాత తేలే తెల్లని మచ్చలకు కూడా సాధారణంగా పరిహారం రాదు. ఎర్రగా మెరిసే పాత రాగి నాణేనికి ఆ రంగు కోసమే ఎన్నో రెట్లు చెల్లించేవారు ఈ షరతును ముందుగానే చదవాలి. సంస్థ ఆ రంగును లేబుల్ మీద రాస్తుంది, అది నిలుస్తుందని మాత్రం చెప్పదు.

ప్రాచీన నాణేల సంగతి ఇంకా ప్రత్యేకం. ఎన్‌జీసీ ప్రాచీన విభాగంలో నాణెం అరుగుదలకు ఒక గ్రేడు, ముద్ర పడిన తీరుకూ ఉపరితలానికీ ఐదుకు ఇంతని మార్కులు విడివిడిగా ఇస్తారు. అది చాలా తెలివైన పద్ధతి. అయితే అసలైనవని తాము భావించిన నాణేలనే హోల్డర్‌లో పెడతామంటూనే, ప్రాచీన నాణేల అసలుతనానికి గానీ గుర్తింపుకు గానీ హామీ ఇవ్వబోమని ఆ విభాగం స్పష్టంగా చెబుతుంది. అంటే పేరు అదే, హోల్డర్ అదే, కానీ వెనకనున్న బాధ్యత వేరు. సంస్థ పేరు ఒక్కటే చూసి ఆగిపోకూడదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. నిజాయితీగా ముందే చెప్పినందుకు ఆ సంస్థను తప్పుపట్టలేం. చదవవలసిన బాధ్యత కొనేవారిదే. ఇక హామీ ఎంత గొప్పగా రాసి ఉన్నా, దాన్ని ఇచ్చిన సంస్థ నిలిచి ఉన్నంత వరకే దానికి బలం ఉంటుంది. మూతపడిన సంస్థ స్లాబులు ఇప్పటికీ చేతులు మారుతూనే ఉంటాయి, వాటి మీది గ్రేడుకు జవాబు చెప్పేవారు మాత్రం ఉండరు.

శుభ్రం చేసిన నాణేలతో ఒక సంస్థ ఎలా వ్యవహరిస్తుందన్నది దాని స్వభావాన్ని బాగా బయటపెడుతుంది. టంకశాలలో అచ్చు ఒత్తిడికి లోహం పారినప్పుడు ఉపరితలం మీద ఏర్పడే సన్నని గీతల వల్లే కొత్త నాణేనికి ఆ కదిలే మెరుపు వస్తుంది. నాణేన్ని తిప్పితే వెలుగు చక్రంలా తిరుగుతుంది. గుడ్డతోనో పొడితోనో రుద్దితే ఆ గీతలు పోయి, ఒకే దిక్కుకు సాగే వెంట్రుకల్లాంటి గీతలు మిగులుతాయి. ఆమ్ల ద్రావణంలో ముంచితే పై పొర కరిగి, మెరుపు నిర్జీవంగా మారుతుంది. ఇలాంటి నాణేన్ని పేరున్న సంస్థలు అసలుదేనని ఒప్పుకుంటూనే అంకె వేయకుండా, ‘డీటెయిల్స్’ అన్న లేబుల్‌తో లోపం పేరు రాసి ఇస్తాయి. కొన్ని సంస్థలు ఒకప్పుడు లోపానికి తగినట్టు గ్రేడు తగ్గించి వేసేవి. ఆ పద్ధతినీ అర్థం చేసుకోవచ్చు, లోపం పేరు లేబుల్ మీద ఉన్నంత వరకు. లోపం పేరెత్తకుండా తోమిన నాణేనికి పూర్తి అంకె వేసే సంస్థకు మాత్రం నా డబ్బు ఇవ్వను. అందుకే తెలియని సంస్థ గురించి తెలుసుకోవాలనుకుంటే, అది గ్రేడు వేసిన నాణేల స్పష్టమైన ఫోటోలు వీలైనన్ని చూసి, తోమిన గుర్తులున్న వెండి నాణేలకు అంకె వేశారా అన్నది వెతుకుతాను. నాలుగైదు అలాంటివి కనిపిస్తే ఇక మిగతా పరిశీలన అవసరం లేదు.

సంస్థ తన గురించి తాను చెప్పుకునేదాని కన్నా మార్కెట్టు దాని గురించి చెప్పేది నమ్మదగినది. పెద్ద వేలం సంస్థలు గతంలో అమ్ముడైన ధరలను ఫోటోలతో సహా అందుబాటులో ఉంచుతాయి. ఒకే సంవత్సరం, ఒకే టంకశాల, ఒకే గ్రేడు ఉన్న నాణేలను తీసుకుని, వేర్వేరు సంస్థల హోల్డర్లలో అవి ఎంతకు అమ్ముడయ్యాయో పోల్చి చూడవచ్చు. ఒక సంస్థ 65 వేసిన నాణేలు క్రమం తప్పకుండా మరో సంస్థ 63 వేసిన నాణేల ధరకే అమ్ముడవుతుంటే, అనుభవజ్ఞులు ఆ 65ను 63గానే చదువుతున్నారని అర్థం. అడిగే ధరలు ఇక్కడ లెక్కలోకి రావు, చెల్లించిన ధరలే చూడాలి. ఒక్క అమ్మకంతో నిర్ణయించుకోకూడదు, ఎందుకంటే అందమైన టోనింగ్ (కాలక్రమేణా ఉపరితలం మీద ఏర్పడే రంగులు) ఉన్న నాణేనికి ఇద్దరు పోటీపడి ధరను ఆకాశానికి ఎత్తేసిన సందర్భాలు చాలా ఉంటాయి.

అగ్రశ్రేణి సంస్థల స్లాబులన్నీ కూడా సమానం కాదని చెప్పే సాక్ష్యం 2007లో వచ్చింది. ఎన్‌జీసీ స్థాపకుడూ, అంతకు ముందు పీసీజీఎస్ స్థాపకుల్లో ఒకరూ అయిన జాన్ అల్బనీస్ ఆ సంవత్సరం సీఏసీని మొదలుపెట్టారు. అప్పటికే పీసీజీఎస్ లేదా ఎన్‌జీసీ హోల్డర్‌లో ఉన్న నాణేన్ని చూసి, ఆ గ్రేడుకు గట్టిగా సరిపోతుందనుకుంటే ఆకుపచ్చ స్టిక్కర్, ఇంకా ఎక్కువ గ్రేడుకు తగినదనుకుంటే బంగారు రంగు స్టిక్కర్ వేస్తారు. సరిపోని వాటికి స్టిక్కర్ ఉండదు. తన స్టిక్కర్ ఉన్న నాణేలను కొనడానికి ఆ సంస్థ తానే ముందుకు రావడంతో దాని మాటకు బలం వచ్చింది. 2023లో అదే పేరుతో సొంతంగా గ్రేడు వేసే సంస్థ కూడా మొదలైంది. స్టిక్కర్ లేనంత మాత్రాన నాణెం బాగాలేదని కాదు, దాన్ని అసలు పంపి ఉండకపోవచ్చు. అయినా గ్రేడు సరైనదా అని చూసే మరో పరిశీలనకు మార్కెట్టు ఎక్కువ డబ్బు చెల్లించడానికి సిద్ధపడిందంటే, మొదటి పరిశీలన మీద అందరికీ కొంత సందేహం ఉన్నట్టే.

ఒకే సంస్థ కూడా అన్ని కాలాల్లో ఒకేలా గ్రేడు వేయలేదు. పాతకాలపు హోల్డర్లలో ఉన్న నాణేలకు ఇప్పుడు పంపితే ఎక్కువ గ్రేడు వస్తుందన్న నమ్మకంతో వాటికి అదనపు ధర చెల్లించేవారున్నారు. ఈ నమ్మకమే హోల్డర్లు పగలగొట్టి మళ్ళీ మళ్ళీ పంపే అలవాటుకు దారితీసింది. దీనివల్ల, ఫలానా గ్రేడులో ఎన్ని నాణేలున్నాయో చెప్పే పాప్యులేషన్ పట్టికల్లో ఒకే నాణెం అనేకసార్లు లెక్కలోకి వస్తుంది, పాత లేబుల్‌ను తిరిగి పంపనప్పుడు. ఆ పట్టికలోని చిన్న అంకెను చూసి అరుదైనదని మురిసిపోవడం కూడా తొందరపాటే. చవకైన నాణేలను ఎవరూ రుసుము చెల్లించి గ్రేడింగుకు పంపరు కాబట్టి కూడా ఆ అంకె చిన్నదిగా ఉంటుంది.

ఇక సంస్థ మంచిదే అయినా చేతిలోని స్లాబ్ ఆ సంస్థదేనా అన్నది వేరే ప్రశ్న. నకిలీ హోల్డర్లు వస్తున్నాయని 2008 నాటికే పీసీజీఎస్, ఎన్‌జీసీ రెండూ హెచ్చరించాయి. సర్టిఫికేట్ నంబరును సంస్థ వెబ్‌సైట్‌లో వెతకడం తప్పనిసరి, కానీ అంతటితో ఆగితే లాభం లేదు. నకిలీ చేసేవారు నిజమైన నాణేనికి చెందిన నిజమైన నంబరునే కాపీ చేస్తారు కాబట్టి, నంబరు సరిపోతుంది, సంవత్సరం సరిపోతుంది, గ్రేడూ సరిపోతుంది. సరిపోనిది నాణెం ఒక్కటే. అందువల్ల సంస్థ దగ్గర ఫోటో ఉంటే, చేతిలోని నాణేన్ని దానితో గుర్తు గుర్తుగా పోల్చాలి. బొమ్మ చెంప మీది చిన్న దెబ్బ, అక్షరాల మధ్య గీత, అంచు దగ్గరి రంగు మరక మారవు. అదే నంబరుతో వేరే నాణెం గతంలో వేలంలో అమ్ముడైందేమో కూడా వెతకాలి. పీసీజీఎస్ 2020 నుంచి హోల్డర్లలో ఫోన్‌తో చదవగలిగే ఎన్‌ఎఫ్‌సీ చిప్ పెడుతోంది, అది కొంత భద్రతను పెంచింది. పాత హోల్డర్లకు మాత్రం కన్నే ఆధారం: లేబుల్ మీది అక్షరాల పదును, ప్లాస్టిక్ అంచుల అతుకు, తెరిచి మళ్ళీ అంటించినప్పుడు మిగిలే తెల్లని పగుళ్ళు. స్లాబ్‌లో ఉన్న నాణేన్ని తూచలేం, అంచునూ పూర్తిగా చూడలేం, కాబట్టి విడి నాణెం విషయంలో సులభంగా చేయగలిగిన పరీక్షలే ఇక్కడ మూసుకుపోతాయి. మోర్గాన్ డాలర్ అనే అమెరికా వెండి నాణెం 26.73 గ్రాములు ఉండాలని తెలిసినా ఆ జ్ఞానం ఇక్కడ ఉపయోగపడదు.

లేబుల్ మీద గ్రేడుతో పాటు రాసే మాటలు అన్నీ నాణ్యతకు సంబంధించినవి కావు. విడుదలైన తొలి 30 రోజుల్లో సంస్థకు చేరిన ఆధునిక నాణేలకు వేసే ‘ఫస్ట్ స్ట్రైక్’, ‘ఎర్లీ రిలీజెస్’ వంటివి చేరిన తేదీని చెబుతాయి గానీ, ఆ నాణేలను కొత్త అచ్చుతో ముందుగా ముద్రించారని చెప్పవు. అలాగే 70 అంటే పరిపూర్ణం అనుకుంటారు. ఎన్‌జీసీ నిర్వచనం ప్రకారం, ఐదు రెట్లు పెంచి చూసినప్పుడు ముద్రణ తరువాత ఏర్పడిన లోపమేదీ కనబడని నాణెం అది. ఆ అద్దంలో 69కీ 70కీ తేడాను మీరు చూడలేకపోతే, ఆ తేడాకు ఎంత చెల్లించాలో మీరే ఆలోచించుకోవాలి.

నాకు పరిచయం లేని సంస్థ స్లాబ్‌లో మంచి నాణెం కనిపిస్తే నేను దాన్ని పూర్తిగా వదిలేయను. లేబుల్ లేదనుకుని, విడి నాణేన్ని చూసినట్టు చూసి, నా అంచనా గ్రేడుకు ఒక మెట్టు తగ్గించి ధర కడతాను, అదీ తిరిగి ఇచ్చే హక్కు రాతపూర్వకంగా ఉంటేనే. ఖరీదైన నాణెమైతే క్రాసోవర్ పద్ధతి ఉంది. ఉన్న హోల్డర్‌ను తెరవకుండానే మరో సంస్థకు పంపి, మనం కోరిన కనీస గ్రేడుకు అది సరిపోతేనే హోల్డర్ మార్చమని చెప్పవచ్చు. సరిపోకపోతే నాణెం పాత హోల్డర్‌లోనే తిరిగి వస్తుంది, రుసుము మాత్రం పోతుంది. ఆ సంస్థ ఎవరెవరి హోల్డర్లను క్రాసోవర్‌కు స్వీకరిస్తుందో ముందే చూసుకోవాలి. నేనైతే అమ్మేవారినే ఆ పరీక్షకు పంపమని అడుగుతాను, ఖర్చులో భాగం పంచుకోవడానికి కూడా సిద్ధమని చెబుతాను. తన నాణెం గ్రేడు మీద నమ్మకమున్నవారు సాధారణంగా ఒప్పుకుంటారు, ఒప్పుకోనివారి దగ్గర ఆ నాణేన్ని నేను కొనను.